దాచుట వేరు, చదువుట వేరు: ఇంటి సమాచారమును భద్రపరచు సాధనముల చరిత్ర

ఒకప్పుడు ఇంటిలోని ముఖ్యపత్రములన్నియు ఒక ఇనుప పెట్టెలో నుండెడివి. భూమి దస్తావేజులు, పెండ్లినాటి ఛాయాచిత్రములు, పిల్లల జాతకములు, పరీక్షల యోగ్యతాపత్రములు, దూరమున నున్న బంధువులు వ్రాసిన జాబులు, ఇవియే ఆ పెట్టెలోని ఆస్తి. నేడు వీనిలో అధికభాగము కాగితమును విడిచి అంకెల రూపము దాల్చినది. చేతిలోని ఫోనులో వేలకొలది ఛాయాచిత్రములున్నవి. ఉపాధ్యాయుడు తయారుచేసికొన్న పాఠములు, విద్యార్థి వ్రాసికొన్న వ్యాసములు, తాతగారి కంఠస్వరము, అన్నియు కంటికి కనబడని గుర్తులుగా మారి ఏదో ఒక సాధనములో దాగియున్నవి.

ఈ గుర్తులను దేనిలో భద్రపరచవలెను? హార్డ్ డిస్కులోనా, పెన్ డ్రైవులోనా, సి.డి.లోనా, లేక అంతర్జాలములో ఎవరో అద్దెకిచ్చు చోటనా? అంగడికి పోయినచో రెండు విషయములే తెలియును. ఎంత పట్టును, వెల ఎంత. కాని గడచిన డెబ్బది సంవత్సరముల చరిత్రను పరిశీలించినచో, అంతకంటె ముఖ్యములైన ప్రశ్నలు మరి రెండు కలవని బోధపడును. దాచినది ఎంతకాలము నిలుచును? దానిని చదువగల యంత్రము అప్పటికి ఉండునా? ఈ రెండు ప్రశ్నలను మరచినవారిలో సామాన్యులే కాదు, గొప్ప సంస్థలును ఉన్నవి. ఆ కథను తెలిసికొన్నచో మన ఇంటికి కావలసిన సాధనమును ఎన్నుకొనుట సులభమగును.

ముందుగా కొలతలు

యంత్రములకు తెలిసిన అక్షరములు రెండే: సున్న, ఒకటి. ఇట్టి ఒక్కొక్క గుర్తును బిట్టు అందురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. వేయి బైట్లు ఒక కిలోబైటు, వేయి కిలోబైట్లు ఒక మెగాబైటు, వేయి మెగాబైట్లు ఒక గిగాబైటు, వేయి గిగాబైట్లు ఒక టెరాబైటు. ఆంగ్లములోని ఒక అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు లిపిలో నేడు వాడుకలోనున్న యూనికోడ్ పద్ధతి ననుసరించి ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు కావలెను. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరములో సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, దీర్ఘమైన గుడి, మొత్తము ఆరు గుర్తులున్నవి. కావున దానికి 18 బైట్లు పట్టును. అయినను మూడువందల పుటల తెలుగు పుస్తకమునకు ఇంచుమించుగా ఒక మెగాబైటు సరిపోవును. ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రము మూడు నాలుగు మెగాబైట్లుండును. అనగా స్థలమును మ్రింగివేయునది అక్షరము కాదు, చిత్రము. చలనచిత్రము మాట చెప్పనక్కరలేదు.

ఇక్కడ మరియొక చిన్న లెక్క. ఒక టెరాబైటు డిస్కును కొని కంప్యూటరునకు తగిలించినప్పుడు 931 గిగాబైట్లు మాత్రమే కనబడును. అంగడివాడు మోసగించెనని కొందరు అనుకొందురు. కాని అది మోసము కాదు. తయారుచేయువారు గిగాబైటును నూరుకోట్ల బైట్లుగా లెక్కింతురు. కొన్ని కంప్యూటర్లు రెండు యొక్క ముప్పదవ ఘాతమును, అనగా 107,37,41,824 బైట్లను, ఒక గిగాబైటుగా లెక్కించును. లక్షకోట్లను ఈ సంఖ్యచే భాగించినచో 931 వచ్చును. ఘాతముల పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణము.

తాటాకులు, రాగిరేకులు

అంకెల యుగమునకు పూర్వము మన దేశమున నిల్వ సాధనము తాటాకు. దానిని పురుగు తినును, తేమ చెఱచును, నిప్పు కాల్చును. అట్లయినను ప్రాచీన కావ్యములు మనవరకు ఎట్లు వచ్చినవి? ఒక ఆకు శిథిలము కాకమునుపే మరియొకరు దానికి నకలు వ్రాసికొనుటవలన వచ్చినవి. 19వ శతాబ్దమున ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించి, తన సొమ్ము వెచ్చించి, తెలుగు గ్రంథములకు శుద్ధప్రతులను వ్రాయించెను. ఆ ప్రతులు లేకున్నచో మన సాహిత్యములో ఎంతో భాగము చెదలపాలై యుండెడిది.

దీనికి భిన్నమైన మార్గము తాళ్ళపాకవారిది. అన్నమాచార్యుని సంకీర్తనలను రెండువేలకు పైగా రాగిరేకులపై చెక్కించి తిరుమల దేవాలయమున ఒక అరలో దాచిరి. వానిని లోకము ఎంతోకాలము మరచిపోయినది. ఇరువదవ శతాబ్దమున అవి మరల వెలికివచ్చినప్పుడు పండితులు వానిని తిన్నగా చదువగలిగిరి. రాగి చెడలేదు, లిపి తెలిసినవారు ఉన్నారు. మధ్యలో ఏ యంత్రమును అవసరము లేకపోయెను.

నిలుపుకొనుటకు ఈ రెండే ఉపాయములు. చెడిపోని వస్తువును ఎన్నుకొనుట ఒకటి, చెడిపోకముందే నకలు తీయుట రెండవది. ఈనాటి సాధనములలో మొదటి ఉపాయమునకు అవకాశము తక్కువ. ఎందుచేతనో ఇక చూతము.

అయస్కాంతము మీద వ్రాత

1898లో డెన్మార్కు దేశీయుడైన వాల్డెమార్ పౌల్సెన్ ఒక వింత యంత్రమును నిర్మించెను. ఉక్కుతీగను ఒక విద్యుదయస్కాంతము ముందునుండి వేగముగా లాగుచు, ఆ అయస్కాంతమునకు టెలిఫోనునుండి వచ్చు విద్యుత్ప్రవాహమును పంపెను. మాటల హెచ్చుతగ్గుల ననుసరించి తీగ అక్కడక్కడ ఎక్కువగను, తక్కువగను అయస్కాంతశక్తిని పొందెను. అదే తీగను మరల అదే వేగముతో నడపగా మాట తిరిగి వినవచ్చినది. 1900లో పారిస్ ప్రదర్శనమున ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాన్సిస్ జోసెఫ్ ఈ యంత్రము ముందు మాటలాడెను. ఆ ధ్వని నేటికిని డెన్మార్కులో భద్రముగా నున్నది.

తీగ బరువు, అది చిక్కుపడును. 1928లో ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ అను నతడు కాగితపు పట్టీపై ఇనుప ఆక్సైడు పొడిని జిగురుతో పూసి పట్టీ రూపమైన సాధనమును జర్మనీలో తయారుచేసెను. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనమున ఈ పట్టీతో పనిచేయు మాగ్నెటోఫోన్ అను యంత్రమును ప్రజలకు చూపిరి. 1951లో యూనివాక్ అను కంప్యూటరు అంకెలను దాచుటకు లోహపు పట్టీని వాడినది. అంతకుముందు అనేక కంప్యూటర్లకు రంధ్రములు పొడిచిన అట్టలు ఆధారము.

పట్టీలో ఒక లోపము కలదు. చివరనున్న సమాచారము కావలెనన్నచో మొదటినుండి చుట్టుకొనుచు పోవలెను. తాటాకు గ్రంథములో కావలసిన ఆకును చప్పున తీయవచ్చును. యంత్రములకు అట్టి సౌకర్యము 1956లో లభించినది. కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున రెనాల్డ్ జాన్సన్ నాయకత్వమున ఐ.బి.ఎమ్. ఇంజనీర్లు మొదటి డిస్కు యంత్రమును నిర్మించిరి. దీనిని రామాక్ అను కంప్యూటరులో భాగముగా ఆ సెప్టెంబరులో విడుదల చేసిరి. రెండడుగుల వ్యాసముగల పళ్ళెములు యాబది, ఒకదానిపై ఒకటిగా అమర్చబడి నిమిషమునకు 1,200 సార్లు తిరుగుచుండెను. అయస్కాంతపు తలను మోయు చేయి పైకిని క్రిందికిని కదలి కావలసిన పళ్ళెము మధ్యకు చొచ్చుకొని పోవును. దీని బరువు ఒక టన్నుకు మించినది. దీనిలో పట్టు సమాచారము 50 లక్షల అక్షరములు. నేటి కొలతలో 3.75 మెగాబైట్లు.

ఈ సంఖ్యను ఒక్కసారి తలపోయుడు. నేడు మనము ఫోనుతో తీయు ఒక్క ఛాయాచిత్రముతో ఆ టన్ను బరువు యంత్రము నిండిపోవును. అరచేతిలో పట్టు ఒక టెరాబైటు డిస్కు రెండు లక్షల అరువదియారు వేల రామాక్ డిస్కు యంత్రములకు సమానము.

ఇంతటి మార్పు ఎట్లు వచ్చినది? ఒకే చదరపు అంగుళములో ఎక్కువ గుర్తులను ఇముడ్చుటవలన వచ్చినది. గుర్తులు చిన్నవైనకొలది తల పళ్ళెమునకు దగ్గరగా పోవలెను. నేటి డిస్కులలో తలకును పళ్ళెమునకును నడుమ ఖాళీ కొన్ని నానోమీటర్లు మాత్రమే. తలవెండ్రుక మందము వేలకొలది నానోమీటర్లు కాదు, పదులవేల నానోమీటర్లు. చిన్న గుర్తునుండి వచ్చు అయస్కాంతశక్తి చాల బలహీనము. దానిని గుర్తించుటకు 1988లో ఆల్బెర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ వేరువేరుగా కనిపెట్టిన ఒక ధర్మము తోడ్పడినది. అతి పలుచని లోహపు పొరలను పేర్చినప్పుడు, స్వల్పమైన అయస్కాంతక్షేత్రము సోకినంతనే వాని విద్యున్నిరోధము బాగుగా మారును. 1997 నుండి ఈ సూత్రముతో చేసిన తలలు డిస్కులలో ప్రవేశించినవి. ఆ ఇద్దరికిని 2007లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఈ చరిత్రలోనే హార్డ్ డిస్కు యొక్క గుణమును దోషమును రెండును ఉన్నవి. అది తక్కువ వెలకు ఎక్కువ పట్టును. కాని దానిలో తిరుగు భాగములున్నవి, వాని నడుమ ఖాళీ కంటికి కనబడనంత చిన్నది. తిరుగుచున్న డిస్కు బల్లపైనుండి జారిపడినచో తల పళ్ళెమునకు తగిలి గుర్తులను గీచివేయును. అది పాతబడి చెడుటకంటె చేయిజారి చెడుట ఎక్కువ విచారకరము.

ఇంటిలోనికి

రామాక్‌ను పెద్ద సంస్థలు అద్దెకు తెచ్చుకొనెడివి. అది ఇంటిలోనికి వచ్చు వస్తువు కాదు. ఇంటి కంప్యూటర్లు 1970 తరువాతి దశాబ్దమున పుట్టినప్పుడు, వానిని కొన్నవారు పాటలు వినుటకు ఉంచుకొన్న క్యాసెట్టునే నిల్వ సాధనముగా వాడుకొనిరి. క్యాసెట్టును ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టినది. 1975లో అమెరికాలోని కాన్సస్ సిటీలో కొందరు కూడి, సున్నకు ఒక స్వరము, ఒకటికి మరియొక స్వరము అని ఒడంబడికను చేసికొనిరి. వేగము సెకండునకు 300 బిట్లు. మూడు మెగాబైట్ల ఛాయాచిత్రమును ఆ వేగమున క్యాసెట్టుపై వ్రాయుటకు ఎంతకాలము పట్టునో విద్యార్థులు లెక్కవేయవచ్చును. రెండుకోట్ల నలువది లక్షల బిట్లను 300 చే భాగించినచో 80,000 సెకండ్లు. అనగా ఇరువదిరెండు గంటలకు పైమాటే.

క్యాసెట్టు తరువాత ఫ్లాపీ వచ్చినది. 1971లో ఐ.బి.ఎమ్. తన పెద్ద కంప్యూటర్లకు ప్రారంభ సూచనలను అందించుటకు ఎనిమిది అంగుళముల మెత్తని పళ్ళెమును తయారుచేసినది. దానిలో సుమారు 80 కిలోబైట్లు పట్టెడివి. 1976లో అయిదుంబావు అంగుళముల ఫ్లాపీ, 1981లో సోనీ వారి మూడున్నర అంగుళముల ఫ్లాపీ వెలువడినవి. ఈ చివరిదానిలో 1987 నుండి 1.44 మెగాబైట్లు పట్టినవి. ఒక తెలుగు పుస్తకము సుఖముగా ఇమిడిపోవును. ఇరువది సంవత్సరములపాటు లోకమంతయు దీనిని వాడినది. 2011 మార్చిలో సోనీ తన దేశమున దీని విక్రయమును నిలిపివేసినది. జపాను ప్రభుత్వము కొన్ని దరఖాస్తులను ఫ్లాపీలోనే ఇవ్వవలెనన్న నియమములను 2024లో గాని పూర్తిగా తొలగించలేదు. నేటి కంప్యూటరులో ఫ్లాపీ పెట్టుటకు చోటు లేదు.

వెలుగుతో వ్రాత

1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి పాటల సి.డి.ని వెలువరించినవి. పన్నెండు సెంటీమీటర్ల పళ్ళెమున, చీమకైనను కనబడనంత చిన్న గుంటలు అయిదు కిలోమీటర్లకు పైగా చుట్టలు తిరిగియుండును. లేజరు కిరణము వానిపై పడి, గుంట అంచున ఒకవిధముగను, సమతలమున మరొకవిధముగను ప్రతిఫలించును. దానినిబట్టి యంత్రము సున్నలను, ఒకట్లను గ్రహించును. ఇంటివద్ద వ్రాసికొను సి.డి.లో గుంటలకు బదులు ఒక రంగుపొర యుండును. లేజరు వేడికి అది మాడి మచ్చలు పడును. దీనిలో 650 నుండి 700 మెగాబైట్ల వరకు పట్టును. 1996లో వచ్చిన డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు, 2006లో వచ్చిన బ్లూ-రే పళ్ళెపు ఒక పొరలో 25 గిగాబైట్లు పట్టినవి.

సి.డి.కి అయస్కాంతమువలన భయము లేదు, దానిలో కదలు భాగములు లేవు. అందుచే శాశ్వతమని చాలమంది నమ్మిరి. కాని రంగుపొర ఎండకు వెలియును. మరియొక సంగతి కొందరికే తెలియును. కిరణము ప్రవేశించు అద్దమువంటి వైపును మనము జాగ్రత్తగా కాపాడుదుము. నిజమునకు వెండివలె మెరయు పొర పేరు వ్రాయు వైపున, పలుచని లక్క పూత క్రింద ఉన్నది. అటు గీత పడినచో సమాచారమే ఊడిపోవును. గట్టి మొనగల కలముతో సి.డి.పై పేరు వ్రాయుట అందుచేతనే కూడదు. కాలక్రమమున కంప్యూటర్లలో సి.డి. పెట్టు అరయే మాయమైనది. ఇంటివద్ద వ్రాసికొను బ్లూ-రే పళ్ళెముల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ముగించినది.

బంధింపబడిన ఎలక్ట్రానులు

నేడు ఫోనులలో, పెన్ డ్రైవులలో, మెమరీ కార్డులలో, ఎస్.ఎస్.డి. అను డిస్కులలో పనిచేయునది ఫ్లాష్ సాధనము. దీని మూలసూత్రమును 1967లో బెల్ పరిశోధనాలయమున డావాన్ కాంగ్, సైమన్ సే ప్రతిపాదించిరి. నాలుగువైపుల విద్యున్నిరోధకముతో మూయబడిన ఒక చిన్న గదిని ఊహింపుడు. అధిక విద్యుత్పీడనముతో ఎలక్ట్రానులను ఆ గదిలోనికి త్రోసినచో, విద్యుత్తు ఆపివేసినను అవి అక్కడనే యుండును. అవి ఉన్నచో ఒక గుర్తు, లేనిచో మరియొక గుర్తు. జపానులో తోషిబా సంస్థకు చెందిన ఫూజియో మసువోకా 1984లో ఇట్టి గదుల గుంపును ఒక్కపెట్టున తుడిచివేయు విధానమును ప్రకటించెను. ఆ తుడుపు ఛాయాగ్రాహకుని మెరుపుదీపమును తలపింపగా, ఆయన సహోద్యోగి దానికి ఫ్లాష్ అని పేరు సూచించెను. నేడు విరివిగా వాడు రకము 1987లో వెలువడినది. 2000 సంవత్సరమున పెన్ డ్రైవులు అంగళ్ళకు వచ్చినప్పుడు వానిలో 8 మెగాబైట్లు మాత్రమే పట్టెడివి.

ఫ్లాష్ సాధనమున తిరుగు భాగములు లేవు. క్రిందపడినను సాధారణముగా చెడదు, వేగము చాల ఎక్కువ. కాని ఎలక్ట్రానులు దూరిన ప్రతిసారి గోడ కొంత బలహీనమగును. అందుచే వ్రాసి తుడుచుటకు ఒక పరిమితి కలదు. ఒక్కొక్క గదిలో ఒకే బిట్టును ఉంచు రకము లక్షసార్లవరకు ఓర్చుకొనును. అదే గదిలో మూడు బిట్లను ఇరికించిన చౌకరకము కొన్నివేల సార్లకే అలసిపోవును. పైగా బంధించిన ఎలక్ట్రానులు మెల్లమెల్లగా కారిపోవును. వేడిమి హెచ్చినకొలది అది త్వరపడును. ఇంటివాడుక ఎస్.ఎస్.డి.లకు పరిశ్రమలోనివారు పెట్టుకొన్న ప్రమాణము ఆశ్చర్యకరము. వ్రాతపరిమితి పూర్తిగా వాడబడిన పిమ్మట, విద్యుత్తు లేక 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక సంవత్సరము సమాచారమును నిలుపుకొన్నచో చాలును. కొత్త సాధనము దీనికంటె చాలకాలము నిలుపుకొనును. అయినను మండువేసవిలో రెంటచింతలవంటి చోట రేకుల కప్పు క్రింద బీరువాలో పడవేసి పది సంవత్సరముల తరువాత తీయుటకు ఇది తగిన వస్తువు కాదు. పెన్ డ్రైవు మోయుటకు మంచిది, దాచుటకు కాదు.

చదువువాడు లేని గ్రంథము

ఇంతవరకు సాధనము చెడిపోవుటను గూర్చి చెప్పితిమి. సాధనము చెడకున్నను సమాచారము పోవచ్చును. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము ఇంగ్లండులో జరిగినది.

1086లో విలియం రాజు ఇంగ్లండు దేశపు భూములను, పశువులను, మరలను, జనులను లెక్కింపించి చర్మపత్రములపై వ్రాయించెను. దానికి డూమ్స్‌డే గ్రంథమని పేరు. తొమ్మిదివందల సంవత్సరములు నిండిన సందర్భమున 1986లో బి.బి.సి. క్రొత్త డూమ్స్‌డే ప్రణాళికను చేపట్టినది. పదిలక్షలకు మించిన జనులు, ముఖ్యముగా బడిపిల్లలు, తమ ఊరి విశేషములను వ్రాసి పంపిరి. పటములు, ఛాయాచిత్రములు, గణాంకములు చేర్చి రెండు పెద్ద లేజరు పళ్ళెములపై నింపిరి. వానిని చదువుటకు ప్రత్యేకమైన యంత్రము, బి.బి.సి. మాస్టర్ అను కంప్యూటరు కావలసివచ్చెను. వెల హెచ్చగుటచే అనేక పాఠశాలలు వానిని కొనలేకపోయినవి. ఆ పళ్ళెపు రకము వాడుకలో నిలువలేదు, కంప్యూటరు పాతబడినది. పదునారు సంవత్సరములు గడచునప్పటికి, 2002లో, పళ్ళెములు చెడకున్నను చదువు యంత్రములు అరుదై పోయినవి. 1086 నాటి చర్మపత్రమును మాత్రము లాటిను తెలిసినవాడు అప్పటికిని చదువగలుగుచుండెను. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు పాత కంప్యూటరును అనుకరించు కార్యక్రమమును క్రొత్త కంప్యూటరుకై వ్రాసి దారి చూపిరి. 2011లో బి.బి.సి. ఆ విషయములలో ఊళ్ళకు సంబంధించిన భాగమును అంతర్జాలమున ప్రకటించినది.

చంద్రుని పటములును ఇట్లే ఆపదలో పడినవి. 1966, 1967 సంవత్సరములలో అమెరికావారు పంపిన అయిదు లూనార్ ఆర్బిటర్ నౌకలు చంద్రుని ఛాయాచిత్రములను తీసి పంపినవి. వానిని పెద్ద పట్టీలపై భద్రపరచిరి. పట్టీలు మిగిలినవి, కాని వానిని నడుపు యంత్రములు ఎక్కడను లేకుండపోయినవి. నాసా ఉద్యోగిని నాన్సీ ఎవాన్స్ అట్టి యంత్రములను కొన్నింటిని పారవేయనీయక కాపాడి తన ఇంటివద్ద ఉంచెను. వాని సాయముతో 2008లో చంద్రుని అంచుపైనుండి భూమి కనబడు 1966 నాటి చిత్రమును మరల వెలికితీసిరి. ఆమె చదువు యంత్రములను దాచియుండకపోయినచో పట్టీలు ఉండియు లేనట్లే.

మన భాషకును ఇట్టి అనుభవము కలదు. యూనికోడ్ సంకేతములలో తెలుగునకు 1991లో చోటు లభించినను, అది ఇండ్లలోని కంప్యూటర్లలో వాడుకకు వచ్చుటకు మరి పది సంవత్సరములు పట్టినది. విండోస్ ఎక్స్.పి. తెలుగు లిపితో 2001లో వచ్చినది. అంతకుముందు ఒక్కొక్క అక్షరరూపపు తయారీదారు తనకు తోచిన సంకేతమును వాడెను. ఆనాడు కంపోజు చేసిన కథను, వ్యాసమును ఫ్లాపీనుండి ఎట్లో బయటకు తీసినను, ఆ అక్షరరూపము లేనిచో తెరపై అర్థములేని ఆంగ్లాక్షరములు కనబడును. కావున సాధనము, చదువు యంత్రము, సంకేతము, ఈ మూడును ఉన్నప్పుడే వ్రాత బ్రతికియున్నట్లు.

ఒకే ప్రతి యొక్క ప్రమాదము

1998లో అమెరికాలోని పిక్సార్ చిత్రసంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ అను చలనచిత్రము తయారగుచుండగా, ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో చిత్రపు దస్త్రములు వరుసగా చెరిగిపోసాగినవి. నకళ్ళ పట్టీలు ఉన్నవిగదా అని అందరు ధైర్యముగా నుండిరి. తీరా చూడగా నకలు తీయు పని కొంతకాలముగా సరిగా జరుగుట లేదు. సాంకేతిక దర్శకురాలైన గేలిన్ సస్మన్ బిడ్డను కని ఇంటినుండి పనిచేయుచుండెను. ఆమె ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి యున్నది. ఆ కంప్యూటరును దుప్పట్లతో చుట్టి కారులో పదిలముగా తెచ్చి చిత్రమును నిలబెట్టిరి. దీనిలో రెండు నీతులున్నవి. తెరచి చూడని నకలు నకలు కాదు. వేరొక చోటనున్న ప్రతి విలువ కట్టరానిది.

అంతర్జాలములో అద్దెచోటు తీసికొన్నవారు తమకు ఈ చింత లేదనుకొందురు. అదియు ఎవరో ఒకరి డిస్కులే. మైస్పేస్ అను సంస్థవద్ద జనులు 2003 నుండి దాచుకొన్న పాటలు, చిత్రములు యంత్రములను మార్చునప్పుడు పోయినవని 2019లో బయటపడినది. 2015కు పూర్వము ఎక్కించినవానిని తిరిగి ఇచ్చు మార్గము లేకపోయెను. తాళపుచెవి, అనగా సంకేతపదము, మరచినను ఫలితము అదియే. కావున అంతర్జాలమును రెండవ ప్రతికో మూడవ ప్రతికో వాడవలెనేకాని, ఏకైక ప్రతికి కాదు.

ఇక ఎన్నిక

ఈ చరిత్రనుండి సామాన్య కుటుంబమునకు కొన్ని సూచనలు చెప్పవచ్చును.

మొదట పదార్థమును వేరుచేయుడు. పోయినచో మరల దొరకనివి ఏవి? యోగ్యతాపత్రములు, కుటుంబ ఛాయాచిత్రములు, పెద్దల కంఠస్వరములు, స్వంత వ్రాతలు. చలనచిత్రములు, పాటలు మరల దొరకును. మరల దొరకనివి చాల ఇండ్లలో నూరు గిగాబైట్లకు లోబడియే యుండును. వానిపైననే శ్రద్ధ అవసరము. ప్రభుత్వము 2015లో ప్రారంభించిన డిజిలాకరులో చేరిన యోగ్యతాపత్రములకు ఒక అధికారిక ప్రతి అక్కడ ఉండును.

రెండవది, పనినిబట్టి సాధనము. ఎక్కువ చిత్రములను తక్కువ వెలకు దాచుటకు హార్డ్ డిస్కు. నిత్యము పనిచేయు కంప్యూటరునకు ఎస్.ఎస్.డి. బడినుండి ఇంటికి పాఠమును మోయుటకు పెన్ డ్రైవు. ఎండ, తేమ తగులనిచో మంచి డి.వి.డి. కొంతకాలము నిలుచును, కాని దానిని చదువు యంత్రమును కూడ దాచుకొనవలెను. మరీ చౌకగా వచ్చు పెన్ డ్రైవులతో జాగ్రత్త. పైన 512 గిగాబైట్లని ముద్రించి లోపల ఎనిమిదో పదునారో ఉంచిన నకిలీలు కలవు. అవి నిండినట్లు నటించి వెనుకటివానిని చెరిపివేయును. కొన్న వెంటనే నిండుగా నింపి, తిరిగి చదివి చూచుట ఒక్కటే పరీక్ష.

మూడవది, ప్రతుల సంఖ్య. అమెరికా ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారములోనికి తెచ్చిన సూత్రమొకటి కలదు: ప్రతులు మూడు, సాధనములు రెండు రకములు, ఒక ప్రతి వేరొక చోట. ఇంటి కంప్యూటరులో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, అంతర్జాలమునగాని దూరమున నున్న అక్కయ్యగారి ఇంటగాని ఒకటి. వరద వచ్చినను, దొంగ పడినను మూడును ఒకేసారి పోవు.

నాల్గవది, కాలము. సంవత్సరమున కొకసారి, సంక్రాంతికి ఇల్లు దులుపునట్లు, ప్రతులను తెరచి చూడుడు. అయిదారు సంవత్సరములకొకసారి క్రొత్త సాధనమునకు మార్చుడు. పాత సాధనము మంచిగానే యున్నదిగదా అని ఆగిపోవద్దు. అది మంచిగా నున్నప్పుడే నకలు తీయుట సులభము. ఇంట మిగిలియున్న ఫ్లాపీలను, క్యాసెట్టులను, సి.డి.లను చదువు యంత్రములు దొరకుచున్న ఈ రోజులలోనే మార్చుకొనుడు.

అయిదవది, సంకేతము. తెలుగు వ్రాతలను యూనికోడ్‌లో ఉంచుడు. ఏదో ఒక సంస్థ కార్యక్రమముతో మాత్రమే తెరచుకొను దస్త్రమునకంటె, ఎల్లరు చదువగల సామాన్య రూపము మేలు. మిక్కిలి ముఖ్యమైన కొలదిపాటి పత్రములను, పది పదునైదు ఛాయాచిత్రములను మంచి కాగితముపై ముద్రించి ఉంచుట పాతకాలపు పద్ధతియని తలపవద్దు. కాగితమునకు యంత్రము అక్కరలేదు.

పాఠశాలలలో ఉపాధ్యాయులు దీనిని ఒక అభ్యాసముగా చేయింపవచ్చును. ప్రతి విద్యార్థియు తన ఇంటనున్న అతి పాత సమాచార సాధనము ఏదో, దానిని చదువు యంత్రము ఇంటనున్నదో లేదో, దాని రెండవ ప్రతి ఎక్కడనున్నదో వ్రాసికొని రావలెను. తరగతిలో పట్టిక వేసినచో, ఏ కుటుంబపు జ్ఞాపకములు ఒక్క ఫోనునకు మాత్రమే అప్పగింపబడియున్నవో వెంటనే తేలును. ఆ సాయంకాలమే రెండవ ప్రతి తీయుట మొదలిడవచ్చును.